చేపల తొట్టికి చలికాలం

ఒకే నీటితో చేపలనూ కూరగాయలనూ పెంచే పద్ధతి ఆక్వాపోనిక్స్. తొట్టిలో చేపలు తిని విసర్జించింది నీటిలో అమ్మోనియాగా కలుస్తుంది. పంపు ఆ నీటిని కంకర నింపిన మడిలోకి ఎత్తిపోస్తుంది. కంకర రాళ్లను అంటిపెట్టుకుని బతికే బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మొక్కలు పీల్చుకుంటాయి. తేటపడిన నీరు మళ్లీ తొట్టిలోకి జారుతుంది. చేప, బ్యాక్టీరియా, మొక్క... ఈ మూడింటిలో ఏ ఒక్కటి మందగించినా మిగతా రెండూ ఇబ్బందిపడతాయి. చలికాలంలో చేప, బ్యాక్టీరియా, కొన్ని మొక్కలు మందగిస్తాయి, కానీ ఒకే వేగంతో మందగించవు. పెరట్లో ఆక్వాపోనిక్స్ పెట్టుకున్నవాళ్లకు డిసెంబరు, జనవరి నెలల్లో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఆ తేడాలోంచే పుడతాయి.

చలిదేశాల కోసం రాసిన పుస్తకాలు గడ్డకట్టే పైపుల గురించి, మంచు మోసే గాజు ఇళ్ల గురించి చెబుతాయి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఆ బెడద లేదు. ఇక్కడి చలి తీరు వేరు. హైదరాబాద్‌కు ఆగ్నేయంగా, నాగార్జునసాగర్ రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. సిమెంటు, తారు పగటి వేడిని దాచుకుంటాయి కనుక నగరం నడిబొడ్డు కొంత వెచ్చగా ఉంటుంది. పొలాలు, గుట్టలు, ఖాళీ ప్లాట్లు ఉన్న శివారు రాత్రి త్వరగా చల్లబడుతుంది. ఉత్తరాది గాలులు వీచినప్పుడు శివారు మండలాల్లో పాదరసం పది డిగ్రీల కిందికి జారడం అరుదేమీ కాదు. అదే రోజు మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉండడంవల్ల ఒక్క రోజులోనే పదిహేను డిగ్రీలకు పైగా ఊగిసలాట.

ఈ ఊగిసలాట ఊరి చెరువునూ పెరటి తొట్టినీ ఒకేలా తాకదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు. ఊరికి పేరు ఆయనదే, ఊరి పెద్ద చెరువూ ఆ కాలానిదే. అంత నీటిరాశిలో ఒక రాత్రి చలి పైపొరను తాకి ఆగిపోతుంది. అడుగున ఉన్న చేపకు ఆ సంగతే తెలియదు. పెరట్లోని వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ తొట్టికి నాలుగు పక్కలా, పైనా గాలే. కప్పులేని తొట్టి ఒక్క రాత్రిలో మూడు నాలుగు డిగ్రీలు కోల్పోవచ్చు. పొద్దెక్కాక మళ్లీ వేడెక్కుతుంది. చేపకు నిలకడగా ఉన్న చల్లదనం కంటే రోజూ పైకీ కిందికీ ఊగే ఉష్ణోగ్రతే ఎక్కువ బాధ. అందుకే చలికాలపు జాగ్రత్తలో తొలి పరికరం ఒక మామూలు థర్మామీటరు. దాన్ని తొట్టి అడుగు దగ్గర వేలాడదీసి, సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాసుకోవాలి. గాలి ఎంత చల్లగా ఉందో చెప్పే వార్తలు తొట్టికి పనికిరావు. నిర్ణయాలన్నీ నీటి ఉష్ణోగ్రత మీదే ఆధారపడతాయి.

మేతే పగ్గం

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు చల్లబడితే జీర్ణక్రియ నెమ్మదిస్తుంది, ఆకలి చస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చిన్నతరహా ఆక్వాపోనిక్స్ మీద 2014లో వెలువరించిన సాంకేతిక గ్రంథం ప్రకారం నైలు తిలాపియాకు 27 నుంచి 30 డిగ్రీల నీరు అనుకూలం. 17 డిగ్రీల కంటే తగ్గితే అది మేత మానేస్తుంది. 12 డిగ్రీల దరిదాపులకు వస్తే ప్రాణాపాయమే. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు 17 నుంచి 34 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. పది డిగ్రీల కిందికి వెళ్తే దాని పని సగానికి పడిపోతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా కంటే నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చలికి త్వరగా లొంగుతుంది. మొదటి మెట్టు నడుస్తూ రెండో మెట్టు ఆగితే నీటిలో నైట్రైట్ పేరుకుంటుంది.

లెక్క వేసి చూస్తే మేత బరువు ఎంతటిదో అర్థమవుతుంది. వెయ్యి లీటర్ల తొట్టిలో వంద గ్రాముల చేపలు వంద ఉన్నాయనుకుంటే మొత్తం పది కిలోలు. వెచ్చని నెలల్లో ఒంటి బరువులో 2 శాతం చొప్పున రోజుకు 200 గ్రాముల మేత పడుతుంది. 32 శాతం మాంసకృత్తులున్న మేత కిలోకు సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని నీటిలోకి చేరుతుంది. అంటే 200 గ్రాములకు 6 గ్రాములు. బ్యాక్టీరియా ఒక్క రోజు పని మానితే వెయ్యి లీటర్ల నీటిలో అమ్మోనియా లీటరుకు 6 మిల్లీగ్రాములు పెరిగినట్టే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాల్సిన తొట్టి అది.

కనుక నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీల పైన ఉన్నంతకాలం పూర్తి మేత వేయవచ్చు. 22, 24 డిగ్రీల మధ్య సగం, 18 నుంచి 20 మధ్య పావు చాలు. 17 దాటి దిగితే తిలాపియాకు మేత పూర్తిగా ఆపేయాలి. మేత లేకపోయినా ఎదిగిన చేప కొన్ని రోజులు నిక్షేపంగా బతుకుతుంది. తినని మేత తొట్టి అడుగున కుళ్లితే మాత్రం ఒక్క పూటలో నీరు చెడుతుంది. వేళ కూడా మార్చాలి. ఎండాకాలంలో పొద్దున్నే వేసే అలవాటు చలిలో కుదరదు. నీరు బాగా వేడెక్కే మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఒక్కసారి వేస్తే సరిపోతుంది. తేలే గుళికలు గుప్పెడు చల్లి చూడాలి. ఆరోగ్యంగా, ఆకలితో ఉన్న చేపలు పైకి వచ్చి నీరు చిమ్ముతూ లాక్కుంటాయి. చలి పట్టిన రోజున అవి అడుగున ఒకే మూలకు, తలలు ఒకే దిక్కుకు పెట్టి కదలకుండా నిలబడతాయి. గుళికలు నీళ్ల మీద ఉబ్బి, అంచుల దగ్గర మెత్తబడి విడిపోతుంటాయి. పది నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే చిక్కంతో తీసేయాలి. మర్నాడు అందులో సగమే వేయాలి. పెంచినవాళ్లకు చేప తినకపోతే మనసొప్పదు. ఆ మమకారంతో వేసిన అదనపు పిడికెడే పెరటి తొట్టెలకు చలి కంటే పెద్ద శత్రువు.

నైట్రైట్ పేరుకుంటే చేప రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా రక్తం మోయలేక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. చల్లని నీటిలో ప్రాణవాయువు కొరత ఉండదు. 30 డిగ్రీల నీటిలో లీటరుకు 7.5 మిల్లీగ్రాములు ఇమిడితే, 15 డిగ్రీల నీటిలో 10 దాకా ఇముడుతుంది. కాబట్టి గాలి పంపు నడుస్తుండగా చలి రోజున చేపలు నోళ్లు తెరిస్తే ముందుగా నైట్రైట్‌నే అనుమానించాలి. వెంటనే మేత ఆపి, వెయ్యి లీటర్లకు ఒక కిలో దొడ్డు ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా కలిపితే, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. ఆ మోతాదు ఆకుకూరలు చాలావరకు తట్టుకుంటాయి. చిక్కుడు, స్ట్రాబెర్రీలకు మాత్రం అది ఎక్కువే.

అమ్మోనియా విషయంలో చలి ఒక మేలు చేస్తుంది. నీటిలోని అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఎంతన్నది ఉదజని సూచిక (పీహెచ్), ఉష్ణోగ్రతల మీద ఆధారపడుతుంది. ఉదజని సూచిక 8 ఉన్న నీటిలో 25 డిగ్రీల దగ్గర అది 5 శాతం దాటుతుంది. 15 డిగ్రీల దగ్గర 3 శాతం లోపే. అయితే తెల్లవారుజామున పరీక్షించి తృప్తిపడితే మోసపోతారు. మధ్యాహ్నం నీరు వేడెక్కి, నాచు ఉదజని సూచికను పైకి లాగినప్పుడు అదే అమ్మోనియా రెట్టింపు విషమవుతుంది. పరీక్ష చేయవలసిన వేళ మధ్యాహ్నమే.

రాత్రి పోయే వేడి

నీటిని వేడి చేయాలన్న ఆలోచన ముందుగా వస్తుంది. వెయ్యి లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ పెంచడానికి 1.16 యూనిట్ల కరెంటు కావాలి. రాత్రి కోల్పోయిన నాలుగు డిగ్రీలను రోజూ తిరిగి ఇవ్వాలంటే నెలకు 140 యూనిట్ల దాకా అవుతుంది. ఒక చిన్న సంసారం నెలంతా వాడుకునే కరెంటుకు అది దగ్గరదగ్గర. పైగా స్నానాల నీళ్లకు వాడే హీటర్ రాడ్‌ను చేపల తొట్టిలో వేయడం ప్రాణాలతో చెలగాటం, మనిషికీ చేపకూ కూడా. రాగి పైపుల చుట్టలో వేడి చేసిన నీరు పంపితే రాగి కరిగి చేపలకు విషమవుతుంది. థర్మోస్టాట్ ఉన్న అక్వేరియం హీటరు రెండు వందల లీటర్ల పిల్లల తొట్టికి సరిపోతుంది. పెద్ద తొట్టికి వేడి తెచ్చి పోయడం కంటే ఉన్నదాన్ని కాపాడుకోవడం మేలు.

చలికాలపు రాత్రి వేడి ఎక్కువగా నీటి పైభాగం నుంచే పోతుంది. కొంత ఆవిరై, కొంత తేటగా ఉన్న ఆకాశంలోకి ప్రసరించి. తొట్టికి అంగుళం మందం థర్మోకోల్ మూత పెడితే ఆ నష్టంలో పెద్ద వాటా ఆగిపోతుంది. మూతకూ నీటికీ మధ్య జానెడు గాలి ఉండాలి. పక్కల చుట్టూ గోనెసంచుల్లో ఊక గానీ వరిగడ్డి గానీ కుక్కి కట్టి, తడవకుండా పైన పాలిథిన్ చుట్టాలి. తడిసిన గడ్డి వేడిని ఆపదు. కొత్తగా కట్టుకునేవాళ్లు తొట్టిని సగం దాకా భూమిలో దింపితే సగం సమస్య పుట్టకముందే తీరుతుంది. ఒక మీటరు లోతు మట్టికి రాత్రి చలి అందదు. బావి వరల్లాంటి సిమెంటు రింగులు ఇందుకు చవక, మన్నిక. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది కనుక చేపలు వేసేముందు కొన్నిసార్లు నీరు నింపి పారబోయాలి.

మూత పెట్టాక కూడా రాత్రిపూట నీటిని చల్లార్చేది కంకర మడి. ఆరుబయట పరిచిన రాళ్లు చీకటి పడగానే చల్లబడతాయి. పంపు గంటకోసారి నీటిని వాటి మీదుగా తిప్పుతుంటే తొట్టి వేడిని చేజేతులా ఆకాశానికి ఇచ్చినట్టే. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా పంపును ధారాళంగా నడిపి, చీకటిపడ్డాక టైమరుతో రెండు గంటలకు ఒకసారి, పావుగంట మాత్రం తిప్పితే చాలు. కంకర తడిగా ఉన్నంతసేపు బ్యాక్టీరియాకు ఢోకా లేదు. గాలి పంపును మాత్రం ఆపకూడదు. నీటి మీద తేలే థర్మోకోల్ పలకల్లో మొక్కలు పెంచే పద్ధతికి చలిలో బలం ఎక్కువ, ఆ పలకలే మూతగా పనిచేస్తాయి. సన్నటి పీవీసీ పైపుల్లో పలుచటి పొరగా నీరు పారించే పద్ధతి అన్నిటికంటే బలహీనం. పగలు ఎండకు ఉడికి, రాత్రి గాలికి వణుకుతుంది.

మడి మీద పాలిథిన్ గుడారం వేసే పద్ధతిని ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. సాయంత్రం దించి, పొద్దున తొమ్మిదింటికల్లా ఎత్తేయాలి. ఎత్తడం మరిచిపోతే జనవరి ఎండకే లోపల ఆకుకూర ఉడికిపోతుంది. వేడి నిలపడానికి రాత్రిపూట షేడ్‌నెట్ పరిచినా కొంత పని జరుగుతుంది, మరిచిపోయినా నష్టం తక్కువ.

బోరు నీళ్లు ఇక్కడి పెరళ్లకు ఉన్న మంచి ఆసరా. లోతైన రాతి పొరల్లోని నీరు ఏడాది పొడుగునా ఆ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రత దగ్గర, అంటే 26, 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలి పొద్దున బోరు నీరు గోరువెచ్చగా తగిలేది అందుకే. 18 డిగ్రీల తొట్టిలో వంద లీటర్లు తీసి వంద లీటర్ల బోరు నీరు పోస్తే దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, పేరుకున్న నైట్రైట్ కూడా పలచబడుతుంది. అయితే భూగర్భజలంలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. షవరులాగా పైనుంచి చిలకరిస్తూ పోయాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు బకెట్లలో గాలి పంపు పెట్టి వదిలేయనిదే వాటిని వాడకూడదు. క్లోరిన్ మొప్పలనూ బ్యాక్టీరియానూ రెంటినీ దెబ్బతీస్తుంది.

ఏ చేప నిలబడుతుంది

తిలాపియా వానాకాలంలో చకచకా పెరుగుతుంది, చలికి మాత్రం నిలవలేదు. పంగాసియస్‌దీ అదే తీరు. చలిని బాగా తట్టుకునేది బంగారుతీగ. 4 డిగ్రీల నీటిలో కూడా ప్రాణం నిలుపుకుంటుంది, 20 డిగ్రీల దగ్గర కూడా మేస్తుంది. రోహు, బొచ్చె చెరువు చేపలు. చిన్న తొట్టిలో వాటికి ఇమడదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు మార్కెట్లో ధర ఎక్కువ, నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే దాని తొట్టికి మూత బిగించేటప్పుడు గాలి ఖాళీ తప్పనిసరి. అది ఎగిరి దూకుతుంది కూడా, వల ఉండాలి. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది కనుక సైజుల వారీగా వేరుచేయడం చలి రాకముందే ముగించాలి. చలి నీటిలో వల వేసి పట్టిన చేపకు పొలుసులు ఊడి, ఆ గాయం మీద దూదిలాంటి బూజు పడుతుంది.

కొర్రమీనుకు మరో గండం పుండ్ల తెగులు. అఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అనే నీటి బూజు వల్ల వచ్చే ఈ జబ్బు 1988లో దేశంలోకి వచ్చింది. వానలు తగ్గి నీరు 18, 22 డిగ్రీల మధ్యకు దిగే రోజుల్లోనే ఇది విజృంభిస్తుంది. ఒంటి మీద చిన్న ఎర్రమచ్చగా మొదలై కండదాకా తొలిచే పుండవుతుంది. చెరువుల కోసం భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ సిఫాక్స్ అనే మందు తయారుచేసింది. చెరువుల్లో సున్నం చల్లడమూ వాడుకలో ఉంది. మొక్కలూ బ్యాక్టీరియా ఉన్న తొట్టిలో ఏ మందూ నేరుగా పోయకూడదు. మచ్చ కనిపించిన చేపను వేరే టబ్బులోకి మార్చి అక్కడే వైద్యం చేయాలి. స్వాతి కార్తె దాటాక కొత్త చేపలను తేకపోవడం ఈ తెగులును చాలామటుకు గుమ్మం బయటే ఆపుతుంది.

తొట్టిలో చేపల బరువు చలికి ముందే తగ్గాలి. ఇక్కడే ఒక స్థానిక చిక్కు ఉంది. మృగశిర కార్తెకు వదిలిన పిల్లలు అక్టోబరు, నవంబరుకల్లా కూరకు వస్తాయి. సరిగ్గా అప్పుడే కార్తీకం. నెలంతా నీసు ముట్టని ఇళ్లు ఎక్కువ. చలి మొదలయ్యేసరికి తొట్టి నిండా పెద్ద చేపలు ఉంటాయి. పెద్దవాటిని దసరాకే కొంత తీసేసి, మిగిలినవాటిని కార్తీకం వెళ్లిన వారంలోనే పట్టేస్తే చలికాలపు భారం సగానికి సగం తగ్గుతుంది. విసుగెత్తి మిగిలిన తిలాపియాను పెద్ద చెరువులో వదిలేయడం మాత్రం చేయరానిది. అది త్వరగా పిల్లలు పెట్టి, చెరువునే నమ్ముకున్న మత్స్యకారుల రోహు, బొచ్చెల మేతను పంచుకుంటుంది.

మడిలో పచ్చదనం

చలి మొక్కలకు చాలావరకు మేలే. పాలకూర, మెంతి, కొత్తిమీర, పుదీనా, లెట్యూస్ ఈ రోజుల్లోనే లేతగా, దట్టంగా వస్తాయి. తోటకూర, బచ్చలి, గోంగూర మందగిస్తాయి. వెచ్చని నెలల్లో చదరపు మీటరు ఆకుకూరకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత లెక్క. మేత పావుకు తగ్గినప్పుడు అదే విస్తీర్ణం మడికి పోషకాలు చాలవు. అక్టోబరు నుంచి నీటిలో పోగుపడిన నైట్రేట్ కొన్ని వారాలు ఆదుకుంటుంది. ఆ తర్వాత పాత ఆకులు పసుపెక్కితే నత్రజని తగ్గినట్టు. దానికి మందు మేత పెంచడం కాదు, మొక్కల సంఖ్య తగ్గించడం. ఎక్కువ పోషకాలు లాగే టమాటా, క్యాప్సికం ఒకటి రెండు మొక్కలకు మించకుండా, మిగతా మడంతా ఆకుకూరకు వదిలేయడం తెలివి.

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుప ధాతు లోపం. గట్టి బోరు నీళ్లలో ఉదజని సూచిక ఎక్కువ కనుక ఇది ఈ ప్రాంతంలో తరచూ కనిపిస్తుంది, వేళ్లు చల్లబడితే మరింత ముదురుతుంది. వరి రైతులు వాడే అన్నభేది ఇలాంటి నీటిలో పోస్తే ఇనుము తుప్పుగా మారి అడుగున కూర్చుంటుంది. ఇ.డి.డి.హెచ్.ఎ. రకం చిలేటెడ్ ఐరన్‌ను లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల ఇనుము అందేలా కలిపితే ఫలితం ఉంటుంది. నీరు ఎర్రబారుతుంది, చేపలకు హాని లేదు.

చలికి పేనుబంక తప్పదు. చేపలున్న మడి మీద పురుగుమందు చల్లితే తెల్లారేసరికి తొట్టి ఖాళీ. వేపనూనె, సబ్బునీళ్లు కూడా నీటిలో కలిస్తే చేపలకు చెరుపే. ఆకు అడుగున నీటి ధార కొట్టి రాల్చడం, మరీ పట్టిన కొమ్మను తుంచేయడం, అక్షింతల పురుగులను చూసి కాపాడుకోవడం... ఇవే దారులు. బూడిద తెగులు రాకుండా మొక్కల మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచాలి.

కొత్తగా మొదలుపెట్టడానికి చలికాలం అనువైన కాలం కాదు. వెచ్చని నీటిలో మూడు నుంచి ఐదు వారాల్లో కుదురుకునే బ్యాక్టీరియాకు చల్లని నీటిలో రెండు నెలలు పట్టవచ్చు. డిసెంబరులో తొట్టి కట్టి, మడి అమర్చి, లీకులు సరిచూసుకుని, ఫిబ్రవరిలో నీటికి ప్రాణం పోయడం ఉత్తమం.

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని సామెత. నీరు తెల్లవారుజామున కూడా 22 డిగ్రీలకు తగ్గకుండా వారం నిలిస్తే మేత పెంచడం మొదలుపెట్టవచ్చు. చేపలకు ఆకలి ఒక్కరోజులో తిరిగొస్తుంది, బ్యాక్టీరియా అంత త్వరగా పుంజుకోదు. నెలల తరబడి పావు మేతకు సరిపడా మాత్రమే మిగిలిన బ్యాక్టీరియా పూర్తి మేతను ఒక్కసారిగా మోయలేదు. జనవరి గడిచాక, చలి దాటిపోయిందనుకున్న ఫిబ్రవరిలో చేపలు చనిపోవడానికి తరచుగా కారణం ఇదే. అందుకే పావు నుంచి సగానికి, సగం నుంచి పూర్తి మేతకు చేరడానికి మూడు వారాలైనా తీసుకోవాలి. ప్రతి పెంపు తర్వాత రెండో రోజు మధ్యాహ్నం నైట్రైట్ పరీక్షించి, లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే మళ్లీ వెనక్కి, కిందటి మోతాదుకు రావాలి. తొట్టి మూత, గోనెసంచులను మార్చి మొదటి వారందాకా తీయకుండా ఉంచి, తర్వాత ఎండబెట్టి అటక మీద దాచుకుంటే మరుసటి చలికి అవే పనికొస్తాయి.